అతుకు చోటు మారిన ప్యాంటు

ఆదివారం పొద్దున్నే అల్వాల్ దాటి, బొల్లారం మీదుగా శామీర్‌పేట వైపు దూసుకుపోయే బండ్లను కాసేపు గమనించండి. నెత్తిన ఖరీదైన హెల్మెట్, భుజాల దగ్గర ఉబ్బిన జాకెట్, చేతులకు గ్లౌజులు అన్నీ ఉంటాయి. నడుము కిందికొస్తే మాత్రం ఆఫీసుకు వేసుకెళ్ళే జీన్సే. చట్టం కూడా తల దగ్గరే ఆగిపోయింది. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ హెల్మెట్ పెట్టుకోమంటుంది గానీ కాళ్ళ ఊసెత్తదు. ఐదు యూరప్ దేశాల్లో 921 టూవీలర్ ప్రమాదాలను దగ్గరుండి పరిశీలించిన మెయిడ్స్ అధ్యయనం లెక్క చూస్తే, తగిలిన గాయాల్లో ఇంచుమించు మూడో వంతు కాళ్ళవే. తలకు తగిలినవి అంతకంటే తక్కువ. తల దెబ్బ ప్రాణం తీస్తుంది, కాలి దెబ్బ నెలల తరబడి మంచాన పడేస్తుంది. కాబట్టి చట్టం తలతో మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు. అక్కడితో మన జాగ్రత్త కూడా ఆగిపోవడమే వింత.

బండి ప్యాంటు పుట్టింది గుర్రం మీద. ఆ మాటకొస్తే బొల్లారం కూడా ఒకప్పుడు గుర్రాల ఊరే. నిజాం ఖర్చుతో, బ్రిటిష్ అధికారుల చేతి కింద నడిచిన హైదరాబాద్ కంటింజెంట్ సైన్యానికి ఇదే ప్రధాన స్థావరం. 1855లో మొహర్రం ఊరేగింపు గొడవలో ఇక్కడి బ్రిగేడియర్ కాలిన్ మెకంజీని నరికింది కూడా ఆయన కింది అశ్వికులే. రిసాలా బజార్ అనే పేరు ఆ కాలపు మిగులు. ఈనాటి రాష్ట్రపతి నిలయం అప్పట్లో రెసిడెంటు దొరవారి విడిది. ఇక్కడి రౌతులకు అధికారులైన దొరలు వేసుకున్నది బ్రీచెస్: తొడ దగ్గర వదులుగా, మోకాలి కింద బిగుతుగా ఉండే లాగు. దాంట్లో మనకు పనికొచ్చే భాగం ఒకటుంది. మోకాళ్ళ లోపలి వైపు, కొన్నిట్లో పిరుదుల కింద కూడా, తోలు అతుకు వేసేవారు. రౌతు తన కాళ్ళతో గుర్రాన్ని రెండు వైపులా నొక్కి పట్టుకుంటాడు. రోజంతా జీనుకు రాసుకుని బట్ట అరిగేది అక్కడే.

కంటింజెంట్ గుర్రపు దళాల వారసుల్లో ఒకటి 20వ డెక్కన్ హార్స్. 1916 జూలై 14న ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధరంగంలో, హై వుడ్ దగ్గర అది ఈటెలు పట్టుకుని గుర్రాల మీద దాడికి దిగింది. అదే యుద్ధంలో కబుర్లు మోసే సైనికులు ట్రయంఫ్ మోటారు సైకిళ్ళ మీద బురదలో తిరుగుతున్నారు. వాళ్ళ ఒంటి మీదా బ్రీచెస్సే. వాహనం మారింది గానీ లాగు మారలేదు, దాని అతుకూ మారలేదు. బండి మీది మనిషి ఏ పక్కకు పడినా ముందు నేలను తాకేది తుంటి బయటి వైపు, ఆ వెంటనే మోకాలి ముందు భాగం. అతుకేమో లోపలి వైపు ఉండిపోయింది. కూర్చోవడానికి కుట్టిన ప్యాంటుతో పడిపోవడాన్ని ఎదుర్కోవాల్సి వచ్చిందన్నమాట. ఈ తేడా సరిదిద్దుకోవడానికి డెబ్భై ఏళ్ళు పట్టింది.

మధ్యలో చాలాకాలం అందరి కళ్ళూ వాన మీదే ఉన్నాయి. ఇంగ్లండులో 1924లో పుట్టిన బెల్‌స్టాఫ్ మైనం పట్టించిన నూలు బట్టతో దుస్తులు కుట్టింది. 1936లో బార్బర్ కంపెనీ ఇంటర్నేషనల్ సిక్స్ డేస్ ట్రయల్ పోటీ కోసం అదే రకం బట్టతో ఒంటి నిండా ఒకటే సూటు తయారుచేసింది. లోపలికి చుక్క నీరు రాదు గానీ, రోడ్డు మీద జారితే నూలు నూలే. 1935లో ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ బండి మీంచి పడి చనిపోతే, చికిత్సలో పాల్గొన్న మెదడు వైద్యుడు హ్యూ కెయిర్న్స్ ఆ తర్వాత హెల్మెట్ల మీద పరిశోధన మొదలుపెట్టాడు. తలకు సైన్సు దొరికింది. కాళ్ళకు మైనం దొరికింది.

తోలు సంగతి రేసుల వాళ్ళకు ముందే తెలుసు. ఇటలీలో లినో డైనీస్ 1972లో కంపెనీ పెట్టి మొదట తయారుచేసిన సరుకు హెల్మెట్టో జాకెట్టో కాదు, మోటోక్రాస్ తోలు ప్యాంటు. ఎనభైల నాటికి రేసర్లు మలుపుల్లో మోకాలిని రోడ్డుకు ఆనించి పోవడం మొదలెట్టారు. మోకాలి బయటి వైపు అరిగిపోయే బిళ్ళలు వచ్చాయి. అతుకు లోపలి నుంచి బయటికి వచ్చింది అప్పుడే.

ఇంతకీ పడినప్పుడు ఏం జరుగుతుంది? చాలామంది అరవై స్పీడులో పడితే అరవై స్పీడుతో నేలకు గుద్దుకుంటామనుకుంటారు. అడ్డంగా ఏ కారో గోడో లేకపోతే అలా జరగదు. సీటు ఎత్తు దాదాపు 80 సెంటీమీటర్లు. అక్కణ్నుంచి పడిన తుంటి నేలను తాకే వేగం గంటకు 14 కిలోమీటర్లు. బండి ముప్ఫైలో ఉన్నా ఎనభైలో ఉన్నా ఈ నిలువు వేగం ఒకటే. మిగతాదంతా అడ్డంగా జారడం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో పడితే, తారు రోడ్డు పట్టును బట్టి మనిషి సుమారు 20 మీటర్లు జారి, రెండున్నర సెకన్లకు అటూ ఇటుగా ఆగుతాడు. 70 కిలోల మనిషిలో అప్పుడున్న శక్తి 9,700 జౌళ్ళు. వేడిగా మారిస్తే 30 మిల్లీలీటర్ల నీళ్ళను మరిగిస్తుంది, అంతే. కానీ ఆ రాపిడంతా తుంటి దగ్గరా మోకాలి దగ్గరా అరచేయంత చోటులో జరుగుతుంది. మామూలు జీన్స్‌ను రాపిడి యంత్రం మీద పెడితే ఒక సెకనైనా నిలవదు. మిగిలిన సెకనున్నర చర్మమే నిలవాలి.

అంటే ప్యాంటుకు రెండు వేర్వేరు పనులున్నాయి. నిలువు దెబ్బను మెత్త ఆపాలి, అడ్డం రాపిడిని బట్ట ఆపాలి. మోకాలి గార్డులు కట్టుకుని మామూలు ప్యాంటేసుకున్నా, గట్టి బట్ట వేసుకుని లోపల మెత్త లేకున్నా సగం పనే.

బట్ట కథలో అందరికంటే ఆసక్తికరమైన మనిషి స్టెఫానీ క్వోలెక్. డాక్టరు చదువుకు డబ్బు కూడబెట్టుకుందామని 1946లో డ్యూపాంట్‌లో చేరిన ఈ రసాయన శాస్త్రవేత్త అక్కడే ఉండిపోయింది. అరవైల్లో పెట్రోలు కొరత రావచ్చని కంపెనీకి అనుమానం. టైర్లలో ఉక్కు తీగల బదులు తేలికైన దారం వాడితే బండ్లు తక్కువ తాగుతాయి, అలాంటి దారం కావాలన్నారు. 1965లో ఆమె కలిపిన ద్రావణం చిక్కగా, తేటగా ఉండాల్సింది పోయి పల్చగా, మబ్బుగా వచ్చింది. ఎవరైనా పారబోసేదే. దారం తీసే యంత్రం నడిపే అతను, సన్నటి రంధ్రాలు పూడుకుపోతాయని దాన్ని ముట్టనన్నాడు. ఆమె పట్టుబట్టి తీయించింది. వచ్చిన దారం అదే బరువు ఉక్కు కంటే ఐదు రెట్లు బలమైనది. అదే కెవ్లార్. నైలాన్ 260 డిగ్రీల దగ్గర కరిగి ఒంటికి అంటుకుంటుంది, కెవ్లార్ కరగదు. టైరు కోసం పుట్టిన దారం టైరు మీద కూర్చునేవాడి ప్యాంటులోకి చేరడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. 1997లో ఆస్ట్రేలియాలో డ్రాగిన్ జీన్స్ కంపెనీ మామూలు జీన్స్ లోపల కెవ్లార్ అస్తరు వేసి అమ్మడం మొదలుపెట్టింది. ఇక్కడ కొనేవాళ్ళు ఒకటి చూడాలి: ప్యాంటును తిరగేసి, పసుపు రంగు అస్తరు ఎంతమేర ఉందో చేత్తో తడమాలి. కొన్నిట్లో మోకాలికీ పిరుదులకూ వేసి, తుంటి పక్కన వదిలేస్తారు. పాత బ్రీచెస్ జబ్బే ఇది. కెవ్లార్‌కు ఎండా బ్లీచింగూ పడవు. ఉతికి నీడలోనే ఆరేయాలి.

‘గట్టిది’ అనే మాటను అంకెల్లో పెట్టడానికి కేంబ్రిడ్జిలో రోడరిక్ వుడ్స్ ఒక యంత్రం వాడాడు. సెకనుకు 8 మీటర్ల వేగంతో తిరిగే గరుకు బెల్టు మీదికి బట్ట ముక్కను వదిలి, చిల్లు పడేదాకా సెకన్లు లెక్కబెట్టడమే దాని పని. దాని ఆధారంగా వచ్చిన యూరప్ ప్రమాణం తుంటీ మోకాలూ ఉండే చోట్లకు కనీసం 4 సెకన్లు, పై స్థాయికి 7 సెకన్లు అడిగింది. రేసు తోలు తప్ప చాలా బట్టలు అక్కడే ఆగిపోయాయి. 2020లో వచ్చిన ఈఎన్ 17092 ప్రమాణం యంత్రాన్ని మార్చింది, మెట్లు పెట్టింది. ఇప్పుడు బట్ట ముక్కల్ని గిరగిరా తిప్పి కాంక్రీటు పలక మీదికి వదులుతారు. తుంటి, మోకాళ్ళ చోట చిల్లు పడకూడని వేగం ‘ఏ’ తరగతికి గంటకు 45 కిలోమీటర్లు, ‘డబుల్ ఏ’కి 70, ‘ట్రిపుల్ ఏ’కి 120. ఇవి ప్రయోగశాల అంకెలు. డబుల్ ఏ వేసుకుని డెబ్భైలో పడినా ఏమీ కాదని అర్థం చేసుకుంటే కొంప మునుగుతుంది. ‘బి’ తరగతిలో మెత్తలుండవు, ‘సి’ తరగతిలో మెత్తలు తప్ప రాపిడికి నిలిచే బట్ట ఉండదు. షాపులో ‘సీఈ సర్టిఫైడ్’ అని గొప్పగా చెబితే, ప్యాంటుకా లోపలి మెత్తకా అని అడగండి. తరచుగా మెత్తకే ఉంటుంది.

మెత్తకు ప్రమాణం వేరు, ఈఎన్ 1621-1. ఐదు కిలోల దిమ్మెను దాదాపు మీటరు ఎత్తు నుంచి దాని మీద పడేస్తారు. కిందికి చేరిన దెబ్బ సగటున 35 కిలోన్యూటన్లకు మించకపోతే లెవెల్ 1, 20కి మించకపోతే లెవెల్ 2. మామూలుగా మెత్తగా ఉండి, దెబ్బ తగిలిన క్షణంలో గట్టిపడే డీ3ఓ లాంటి పదార్థాలు వచ్చాక లెవెల్ 2 పలుచబడింది. అయితే ఇలాంటి మెత్తలు వేడికి ఇంకా మెత్తబడతాయి. అందుకే 40 డిగ్రీల దగ్గర విడిగా ఒక పరీక్ష ఉంది, నెగ్గితే మెత్త మీద ‘టి+’ అని ముద్ర వేస్తారు. అది ఐచ్ఛికం. యూరపువాడికి 40 డిగ్రీలంటే అరుదు కావచ్చు, మే నెలలో బొల్లారంలో అది మామూలు మధ్యాహ్నం. నన్నడిగితే మన ఊళ్ళో టి+ ముద్ర లేని మెత్త కొనకూడదు.

ఎండ సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి. ట్రిపుల్ ఏ తోలు ప్యాంటు కొని, మార్చి దాటాక బీరువాలో పెట్టేవాళ్ళు బోలెడుమంది. ఈ చిక్కును పట్టుకున్నది ఆస్ట్రేలియా వాళ్ళే. 2018లో మొదలైన మోటోక్యాప్ పథకం ప్రతి ప్యాంటుకూ రక్షణకు కొన్ని చుక్కలు, చెమట ఎంత బయటికి పోనిస్తుందన్నదానికి కొన్ని చుక్కలు విడిగా ఇస్తుంది. అంతకుముందు 2011లో లిజ్ డి రోమ్ బృందం ప్రమాదాల్లో పడిన 212 మంది మీద చేసిన అధ్యయనం అచ్చయింది. రైడింగ్ ప్యాంటు వేసుకున్నవాళ్ళు ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం వేసుకోనివాళ్ళతో పోలిస్తే సగానికి తగ్గింది. అదే అధ్యయనంలో రైడింగ్ ప్యాంట్లలో 28 శాతం ఆ ప్రమాదాల్లోనే చిరిగో అరిగో చేతులెత్తేశాయి. పేరులో రైడింగ్ ఉంటే చాలదు.

ఇంటి నుంచి ప్యారడైజ్‌ దాకా వెళ్ళొచ్చేవాడికి, నలభై యాభై దాటనివ్వని ట్రాఫిక్‌లో, గాలాడే మెష్ ప్యాంటు, ఏ తరగతి, లెవెల్ 2 మోకాలి మెత్తలు సరిపోతాయి. ఏ తరగతిలో తుంటి మెత్తలు తప్పనిసరి కాదు, జేబు మాత్రమే ఇచ్చేవాళ్ళున్నారు. విడిగా కొని పెట్టుకోవాలి. సిద్దిపేట, కరీంనగర్ దాకా పోయేవాడు డబుల్ ఏకి తగ్గకూడదు. రైనాక్స్, వయాటెర్రా, రాయల్ ఎన్‌ఫీల్డ్ లాంటి మన దేశపు పేర్లతోనే ఇప్పుడు ఇవి దొరుకుతున్నాయి. వాన అస్తరు లోపల కుట్టేసినవి వద్దు, ఎండాకాలం ఉడికిస్తాయి. విప్పి పెట్టుకునేదో, పైన వేసుకునేదో మేలు.

కొనేటప్పుడు అద్దం ముందు నిలబడి చూస్తే లాభం లేదు. బండి మీద కూర్చుని చూడాలి. మోకాలు వంగినప్పుడు మెత్త చిప్ప మీదే ఉండాలి, చేత్తో పట్టి పక్కకు తిప్పితే తిరగకూడదు. నిలబడ్డప్పుడు ప్యాంటు కాస్త పొడవనిపిస్తుంది, కూర్చుంటే సరిపోతుంది. అయినా పొడవైతే కింది అంచు దగ్గరే తగ్గించాలి. నడుము వదులైతే బెల్టు పెట్టుకోండి గానీ పక్క కుట్టు విప్పనివ్వకండి. తుంటి బయటి కుట్టును పరీక్షించిందే నైలాన్ దారంతో వేసిన రెండు మూడు వరసల మీద. దాన్ని విప్పి మామూలు దారంతో ఒక వరస వేస్తే లోపలి లేబుల్ మీది అక్షరాలకు అర్థం ఉండదు. దర్జీకి ఇచ్చేటప్పుడే ఈ మాట చెప్పాలి, లేకపోతే అలవాటు కొద్దీ ముందు ఆ కుట్టే విప్పుతాడు.