టర్బో కారు నల్లపొగ కక్కుతోందా? ముందు గాలి సంగతి చూడండి!

వీకెండ్ వస్తే చాలు, వేటపాలెం దగ్గర రామాపురం బీచ్‌కి కార్లు బారులు తీరతాయి. వాటిలో పెద్ద టర్బో, పెద్ద ఇంజెక్టర్లు వేయించినవీ కనిపిస్తాయి. యాక్సిలరేటర్ తొక్కగానే నల్లపొగ, పెట్రోల్ వాసన వస్తే 'అబ్బో పవర్' అని మురిసిపోకండి. ఇంజిన్ 'రిచ్'గా నడుస్తోంది. అంటే గాలికి మించి పెట్రోల్ పడుతోంది.

కిలో పెట్రోల్ పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. ఫుల్ బూస్ట్‌లో ఇంజిన్ మరీ వేడెక్కకుండా 12 దగ్గర ఉంచడం మామూలే. వైడ్‌బ్యాండ్ మీటర్ 10 చూపిస్తే మాత్రం తేడా కొట్టినట్టే.

వెంటనే రీమ్యాప్‌కి పరుగెత్తొద్దు. ఈసీయూలో ఉన్నదీ కోడే. సెన్సర్ తప్పు చెబితే అదీ తప్పే చేస్తుంది. ఓబీడీ స్కానర్‌ని ఫోన్‌కి కలిపి 'ఫ్యూయల్ ట్రిమ్' చూడండి. మైనస్ 15, 20 శాతం ఉంటే పెట్రోల్ తగ్గించడానికి ఈసీయూ తంటాలు పడుతోందన్నమాట. ఐడిల్‌లోనే అలా ఉంటే చుక్కలు కార్చే ఇంజెక్టర్‌నీ, ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్‌నీ అనుమానించండి. బూస్ట్‌లోనే పొగ వస్తోందా? లోపలికెళ్లే గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ ఉన్న కారైతే, టర్బో తర్వాతి పైపుల్లో లీకేజీ వెతకండి. లెక్కలోకి వచ్చిన గాలి బయటికి పోతుంది, పెట్రోల్ మాత్రం మొత్తం లెక్కకీ పడుతుంది. లీకేజీ లేకపోతే, ఇంజెక్టర్ సైజు ఈసీయూలో సరిగ్గా ఎక్కించారో లేదో చూడండి.

వదిలేస్తే మిగులు పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది, క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుంది. చిన్న క్లిప్పు వదులైనందుకు ఇంజిన్ బోరు దాకా తెచ్చుకోవడం ఎందుకు చెప్పండి?