చేపలు చచ్చే వేళ ఒకటి, పరీక్ష చేసే వేళ మరొకటి

లింగంపల్లి చుట్టుపక్కల చెరువుల మీద బతికే మత్స్యకార సొసైటీ సభ్యులను ఎవరినైనా అడగండి. చేపలు ఎప్పుడు చస్తాయంటే "కోడి కూసే యాళ్లకు" అంటారు. అధికారులు ఎప్పుడు వస్తారంటే "అన్నం తిని వస్తరు" అంటారు. నవ్వులాటకు అనే మాట కాదిది. ఈ రెండు వేళల మధ్య ఉన్న ఎడంలోనే బీదవాడి నష్టపరిహారం మునిగిపోతున్నది. ఎట్లా మునుగుతున్నదో కూలీలకు, కార్యకర్తలకు తెలియాలి.

కొన్నేళ్ళ కింద తొలకరి వానలు పడ్డ మూడోనాడు తెల్లవారకముందే నాకు కబురు వచ్చింది. నేను పోయేసరికి చెరువు ఒడ్డంతా తెల్లటి పొట్టలు. కిలోన్నర, రెండు కిలోలు పెరిగిన బొచ్చెలు, రోహులు. ఇంకో రెండు నెలలైతే వలవేసి పట్టేవాళ్ళు. ఆడవాళ్ళు గంపలు పట్టుకొని నిలబడ్డారు, ఏడవడానికి కూడా ఓపిక లేదు. "కొర్రమట్టలు మాత్రం బతికినయన్నా, బురదల తిరుగుతున్నయి" అన్నాడు ఒక పెద్దమనిషి. ఆ మాట విలువ ఆనాడు నాకు తెలియలేదు. పన్నెండున్నరకు జీపు వచ్చింది. అధికారి నీళ్ళలో మీటరు పెట్టాడు. "ఆక్సిజన్ ఆరున్నది, బాగానే ఉంది కదా. మీరే పిల్లలను ఎక్కువ వేసుకున్నట్టున్నారు" అని రాసుకొని పోయాడు. మా దగ్గర జవాబు లేదు. ఎర్రటి ఎండలో నోళ్ళు తెరుచుకొని నిలబడ్డాం.

జవాబు తరువాత దొరికింది. కొంత పుస్తకాల్లో, కొంత కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఒక మిత్రుని నోట. చెరువు నీళ్ళలో కరిగివున్న ఆక్సిజన్‌ను చేప మొప్పలతో పీల్చుకుంటుంది. లీటరుకు ఐదు మిల్లీగ్రాములు ఉంటే బొచ్చె, రోహు సుఖంగా ఉంటాయి. రెండు మూడుకు దిగితే నీటిపైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. ఇంకా దిగితే ప్రాణం పోతుంది. డ్రైనేజీ నీళ్ళు వచ్చిపడే చెరువులో నాచు పచ్చగా పేరుకుంటుంది. పగలు ఎండ ఉన్నంతసేపు ఆ నాచే ఆక్సిజన్ తయారు చేస్తుంది. పొద్దు గూకిన తరువాత తయారుచేసుడు ఆగిపోతుంది. నాచూ పీలుస్తుంది, చేపలూ పీలుస్తాయి, మురికిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు అందరికంటే ఎక్కువ పీలుస్తాయి. తెల్లవారుజాముకు చెరువు ఖాళీ. మళ్ళీ ఎండ ఎక్కితే మధ్యాహ్నానికి ఆరు, ఏడు, ఒక్కొక్కసారి పది కూడా చూపిస్తుంది.

అంటే ఆ అధికారి మీటరు అబద్ధం చెప్పలేదు. హంతకుడు వెళ్ళిపోయిన తరువాత ఇంటికి వచ్చి, ఇక్కడ ఎవరూ లేరే అన్నట్టు!

కొర్రమట్టల మాట కూడా అప్పుడే అర్థమైంది. కొర్రమట్ట, మార్పు చేప పైకొచ్చి గాలి పీల్చుకోగలవు. ఊపిరాడక జరిగే చావులో ఇవి బతుకుతాయి, పెద్ద చేపలు ముందు పోతాయి, చావులు తెల్లవారుజామునే ఎక్కువ. విషంతో జరిగే చావు తీరు వేరు. వేళాపాళా ఉండదు. చాలావరకు చిన్న చేపలు ముందు పోతాయి. కొర్రమట్టా పోతుంది, కప్పా పోతుంది, నత్తా పోతుంది. చేపలు గిరగిర తిరుగుతూ, ఎగిరెగిరి పడుతూ చస్తాయి. ఇది పక్కా తీర్పు కాదు, రెండూ కలిసి వచ్చే రోజులూ ఉంటాయి. కానీ ఏ నీళ్ళు ఎక్కడినుంచి వచ్చాయని వెతకడానికి మొదటి ఆనవాలు ఇదే. చదువురాని ఆ పెద్దమనిషి పొద్దున ఆరు గంటలకే ఆ ఆనవాలు చెప్పాడు. రాసుకున్నవాడు లేడు.

మన లింగంపల్లి రెండు రకాల చావులకూ నడుమ ఉన్నది. ఇటు నల్లగండ్ల, గోపన్‌పల్లి, గచ్చిబౌలి వైపు ఒకప్పుడు చెరువు కింద వరి పండిన నేలల్లో అంతస్తుల మీద అంతస్తులు లేచాయి. వాటి పునాదులు తవ్వింది పాలమూరు కూలీలు, మన అడ్డా మీది కూలీలు. ఆ మేడల డ్రైనేజీకి కాలువ లేనిచోట చెరువే కాలువ అయింది. ఇది ఊపిరాడని చావు. అటు పదిపన్నెండు కిలోమీటర్లు పోతే పటాన్‌చెరు, బొల్లారం, కాజీపల్లి. అక్కడ మందుల ఫ్యాక్టరీలు. 1970ల మధ్యలో మొదలైన పారిశ్రామికవాడ ప్రపంచానికి మాత్రలు చేసిపెట్టింది, ఇసుకవాగుకు, నక్కవాగుకు ఆ మాత్రల కడుగునీళ్ళు పోసింది. 2017 అక్టోబరులో అమీన్‌పూర్ దగ్గరి గండిగూడెం చెరువులో టన్నులకొద్దీ చేపలు తేలాయి. అదే మండలంలోని అమీన్‌పూర్ చెరువుకు అంతకు ఏడాది ముందే, 2016 నవంబరులో, జీవవైవిధ్య వారసత్వ స్థలమని పేరు పెట్టారు. బోర్డు ఒక చెరువుకు, విషం పక్క చెరువుకు.

ఈ పటాన్‌చెరు నీళ్ళను స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులు పరీక్ష చేశారు. లార్సన్ అనే శాస్త్రజ్ఞుడూ ఆయన తోటివారూ 2007లో అచ్చువేసిన లెక్క చూడండి. దాదాపు 90 మందుల ఫ్యాక్టరీల మురికిని శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్ళలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నది. జ్వరమొచ్చి ఆ మాత్ర మింగిన మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. ఒక్క రోజులో ఆ నీళ్ళతో బయటికి పోయిన మందు 45 కిలోలని అంచనా. స్వీడన్ దేశం మొత్తం ఐదు రోజులు వాడే మందు అది. మన సర్కారు దవాఖానలో మాత్రలు అయిపోయాయని చీటీ రాసిస్తారు. మన వాగులో మాత్రం కిలోలకొద్దీ పారింది.

2009లో వచ్చిన పరిశోధనలు చేపల సంగతి, కప్పల సంగతి చెప్పాయి. ఆ కేంద్రం నీళ్ళను ఐదువందల బిందెల మంచినీళ్ళకు ఒక్క బిందె చొప్పున కలిపి, అందులో తోకకప్పలను పెంచారు. వాటి బరువు 40 శాతం తగ్గింది. అదే పాలులో ట్రౌట్ అనే చేపలను పెడితే చావలేదు. కానీ కాలేయంలో విషాన్ని విరగ్గొట్టే ఎంజైము పని పెరిగింది, రక్తంలో ఫాస్ఫేటు మట్టం మారింది. అంటే చేప తేలలేదు కాబట్టి నీళ్ళు మంచివని అనడానికి లేదు. తేలడం చివరి మెట్టు. పెరుగుదల ఆగిపోవడం, రోగానికి తట్టుకోలేకపోవడం, గుడ్డు నిలవకపోవడం ముందు మెట్లు. సొసైటీ సభ్యుడు "పిల్లలు అదే లెక్కన వేసినం, తూకం రాలే" అన్నప్పుడు సోమరి అని తిట్టకుండా నీళ్ళు చూడాలి.

ఇంకొక్క మాట గమనించాలి. పరీక్ష చేసినవి దొంగచాటుగా రాత్రిపూట వదిలిన నీళ్ళు కావు. శుద్ధి చేశామని చెప్పి వదిలిన నీళ్ళు!

2016లో జర్మనీ వాళ్ళు వచ్చి హైదరాబాదు చుట్టూ 28 చోట్ల నమూనాలు తీశారు. అన్నిచోట్లా మందుల అవశేషాలున్నాయి. పటాన్‌చెరు–బొల్లారం ప్రాంతపు మురుగులో ఫ్లూకొనజోల్ అనే బూజుమందు లీటరుకు 237 మిల్లీగ్రాములు. 95 శాతానికి పైగా నమూనాల్లో పెద్ద మందులకు కూడా లొంగని సూక్ష్మజీవులు దొరికాయి. మందు తక్కువ మోతాదులో నిత్యం పారే నీళ్ళలో బలహీనమైన సూక్ష్మజీవి చస్తుంది, మొండిది మిగిలి పిల్లలు పెడుతుంది. ఆ నీళ్ళలో మోకాలిలోతు దిగి వల లాగేది ఎవరు? కాలికి గాజుపెంకు గుచ్చుకుంటే అదే నీళ్ళతో కడుక్కునేది ఎవరు?

మన జనం ఊరికే కూర్చోలేదు. పటాన్‌చెరులో వైద్యం చేసుకుంటూ డాక్టర్ అల్లాని కిషన్‌రావు దశాబ్దాలపాటు కొట్లాడారు. 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. అది 2001లో హైకోర్టుకు, అటుపిమ్మట హరిత ట్రిబ్యునల్‌కు తిరిగి, 2017 అక్టోబరులో ముగిసింది. ఇరవై ఏడేళ్ళు. నడుమ పంటనష్టానికి పరిహారమిమ్మన్న ఆదేశాలు వచ్చాయి. ఎకరాల లెక్కన వచ్చాయి. ఎకరం లేనివాడి సంగతి? నాటు పోయిన కూలిది, వల ఎండిన బెస్తవానిది ఏ లెక్కలో రాశారు? ఇది మన సంఘాలు కూడా ఆలోచించుకోవలసిన తప్పు. పట్టాదారు వెనక నడిచాం, పక్కన నడవలేదు.

మురికికి మందు ఏమిటంటే, 2009లో 18 కిలోమీటర్ల గొట్టం వేసి, శుద్ధిచేసిన పటాన్‌చెరు నీళ్ళను నగరం డ్రైనేజీలో కలిపి అంబర్‌పేటకు, అక్కడినుంచి మూసీకి పంపారు. నక్కవాగు రైతు ఊపిరి పీల్చుకుంటే మూసీ కింద నాటువేసే కూలి చేతులకు పని పడింది. ఫ్యాక్టరీ నీళ్ళలో యాంటీబయాటిక్ ఎంత ఉండవచ్చో హద్దు పెడతామని 2020 జనవరిలో కేంద్రం ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో అసలు నియమాలు వచ్చేసరికి ఆ హద్దు మాయమైంది. ఎవరి ఒత్తిడితో మాయమైందో చెప్పడానికి పరిశోధన అక్కరలేదు.

ఇక చేయవలసింది చెప్తాను. 1974 నీటి చట్టం ప్రకారం ఫ్యాక్టరీ గొట్టం నుంచి తీసిన నమూనా కోర్టులో చెల్లాలంటే బోర్డు అధికారే పద్ధతి ప్రకారం నోటీసిచ్చి తీయాలి. మనం తీసిన సీసా ఆ సాక్ష్యానికి బదులు కాదు. అయితే మాత్రం మన సీసా వృథా కాదు. "పొద్దున ఐదింటికి ఇంత" అని రాతలో ఉంటే మధ్యాహ్నపు మీటరు మాట ఒక్కటే మిగలదు. కోస్తాలో రొయ్యల చెరువుల వాళ్ళు వాడే ఆక్సిజన్ పరీక్ష పెట్టె పెద్ద ఖరీదు కాదు. సీసాలో నీళ్ళు నింపి, ఆ మందు చుక్కలు ఒడ్డునే వేయాలి. ఇంటికి తెచ్చి వేస్తే లెక్క మారిపోతుంది. రసాయనం అనుమానముంటే గాజు సీసాను గాలి లేకుండా మూతిదాకా నింపి, ఎండ తగలకుండా ఐసులో పెట్టాలి. ఉబ్బిన చేప పనికిరాదు. కొట్టుకుంటున్న చేపను, అప్పుడే చచ్చినదాన్ని ఐసులో పెట్టాలి. నీళ్ళు వచ్చిపడే తూము దగ్గర ఒకటి, చెరువు నడుమ ఒకటి, ఏ మురికీ చేరని చోట ఒకటి తీయాలి. టైము, చోటు, ఏ చేపలు చచ్చాయి, ఏవి బతికాయి – కాగితం మీద రాసి నలుగురు సంతకాలో వేలిముద్రలో పెట్టాలి. కొర్రమట్ట సంగతి మరువద్దు.

ఆ పొద్దే బోర్డుకు, మత్స్యశాఖకు లిఖితంగా ఫిర్యాదు ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోవాలి. వాళ్ళ ప్రయోగశాల రిపోర్టు సమాచార హక్కు చట్టం కింద అడగాలి. అరవై రోజుల నోటీసు ఇచ్చి మామూలు మనిషి కూడా నీటి చట్టం కింద కోర్టుకు పోవచ్చు. హరిత ట్రిబ్యునల్‌లో పరిహారం అడగడానికి ఐదేళ్ళ గడువుంది. దావాలో సొసైటీ పేరుతోపాటు చేపలు పట్టే, మోసే, అమ్మే ప్రతి మనిషి పేరూ, పోయిన పనిదినాలూ రాయండి. ఆడవాళ్ళ పేర్లు ముందు రాయండి, అవే ఎప్పుడూ తప్పిపోతాయి.

మొన్న మీటింగులో ఒక సొసైటీవాళ్ళు చందా వేసుకొని పరీక్ష పెట్టె, ఆరు గాజు సీసాలు, ఒక థర్మోకోల్ డబ్బా కొనుక్కున్నారు. సీసాల మీద నంబర్లు రాసే పని తొమ్మిదో తరగతి చదివే ఒక ఆడపిల్ల తీసుకున్నది. తొలకరి ఇంకా రాలేదు.