ఫెర్గూసన్ చిన్న ట్రాక్టరు: దానిని కొనుట, నడుప నేర్చుట

సంతలో ఎద్దులజతను కొనువాడు ఏమేమి పరీక్షించునో మన గ్రామములందు పుట్టిన బాలు రెల్లరు నెఱుగుదురు. పండ్లు చూచును, గిట్టలు చూచును, కాడి మోసిన మెడను తడవి చూచును, నాలుగడుగులు నడిపించి చూచును. కొన్న పిమ్మటనైనను మొదటి దినముననే బరువుబండికి కట్టడు. పాత యంత్రమును కొనువాడును ఇట్లే చేయవలయును. అయినను ఎద్దుల విషయమున నింత జాగరూకత గలవారే ట్రాక్టరు విషయమున రంగును, ధరను మాత్రము చూచి బేరము ముగించుచున్నారు. అందువలన ధన నష్టమే గాక ప్రాణనష్టము కూడ కలుగుచున్నది. కావున పాత చిన్న ట్రాక్టరును పరీక్షించుట యెట్లు, నేర్చుకొనుట యెట్లు అను సంగతిని ఒక యుదాహరణముతో వివరింప నుద్దేశించితిమి. మేము గైకొన్న యుదాహరణము ఇంగ్లాండులో తయారైన ఫెర్గూసన్ టి.ఇ.20 అను బూడిదరంగు ట్రాక్టరు.

దీనిని నిర్మించిన హ్యారీ ఫెర్గూసన్ 1884లో, నేడు ఉత్తర ఐర్లాండు అనబడు ప్రాంతములోని డౌన్ మండలమున, ఒక రైతుబిడ్డడుగా జన్మించెను. 1909 డిసెంబరు 31వ తేదీన తాను నిర్మించిన విమానమున తానే యెగిరి, ఐర్లాండులో అట్లు చేసిన మొదటివాడని పేరు గాంచెను. మొదటి మహాయుద్ధకాలమున, 1917లో, ఐర్లాండు వ్యవసాయశాఖవా రాతనిని ట్రాక్టరుల పనిని బాగుచేయు మార్గము వెదకుమని కోరిరి. ఆ దినములలో ట్రాక్టరు నాగలిని వెనుకనుండి లాగెడిది. రెంటికిని నడుమ ఒక కొక్కెము తప్ప వేఱు సంబంధము లేదు. కర్రు రాతికి తగిలినపుడు నాగలి నిలిచిపోవును; వెనుక చక్రములు తిరుగలేవు; ఇంజను బలము మాత్రము ఆగదు. అప్పుడు ట్రాక్టరు ముందుభాగము గుఱ్ఱము ముంగాళ్లెత్తినట్లు పైకి లేచి, నడుపువానిమీద వెనుకకు తిరుగబడుచుండెను. అనేకులు ఇట్లు మరణించిరి.

ఫెర్గూసన్ కనిపెట్టిన యుపాయము వినుటకు సులభముగా నుండును. నాగలిని ట్రాక్టరు వెనుక కట్టక, మూడు కడ్డీలతో దాని దేహమునకే చేర్చెను. క్రింద రెండు కడ్డీలు, పైన నొకటి. క్రిందికడ్డీలు నాగలిని లాగును. కర్రు మట్టిని చీల్చునపుడు నాగలి ముందుకు దొర్లజూచును గనుక, పైకడ్డీ ట్రాక్టరును ముందుకు నెట్టును. ఈ నెట్టుడే ట్రాక్టరు ముందుభాగమును నేలకు అదిమి యుంచుటకు తోడ్పడును. అదిగాక, పైకడ్డీ మొదట నొక బలమైన స్ప్రింగు కలదు. నేల గట్టిపడినకొలది స్ప్రింగు ఎక్కువగా అణగును. అది అణగినపుడు నూనె పంపు యొక్క కవాటము కదలి నాగలిని కొంచెము పైకెత్తును. అట్లెత్తబడిన నాగలి బరువు వెనుక చక్రములమీద పడి, వానికి నేలపై పట్టు కలిగించును. కర్రు పెద్ద రాతికి తగిలినచో ఆ బరువు చక్రములను విడిచిపోవును, అవి ఉన్నచోటనే గిఱ్ఱున తిరుగును, ట్రాక్టరు తిరుగబడదు. ఒక టన్నునకు కొంచెము మించిన తేలికయంత్రము బరువైన యంత్రముల పని చేయగలుగుటకు ఇదియే కారణము.

1936లో ఈ పద్ధతిగల ట్రాక్టరులు మొదట అమ్మకమునకు వచ్చెను. 1938లో ఫెర్గూసన్ అమెరికాకు పోయి హెన్రీ ఫోర్డుతో, వ్రాతమూలకముగా గాక, చేతిలో చేయివేసి ఒప్పందము చేసికొనెను. మఱుసటి సంవత్సరము ఫోర్డు కర్మాగారమునుండి ఆ ట్రాక్టరులు వెలువడెను. ఆ యొప్పందము తరువాత భంగమై గొప్ప వ్యాజ్యమునకు దారితీసి, 1952లో పరిష్కారమయ్యెను. 1946 మొదలు 1956 వఱకు ఇంగ్లాండులోని కవెంట్రీ పట్టణమున స్టాండర్డు మోటారు కంపెనీవారు ఫెర్గూసన్ కొఱకు టి.ఇ.20 ట్రాక్టరులను ఐదు లక్షలకు పైగా తయారుచేసిరి. ఎడ్మండు హిల్లరీ 1958 జనవరి 4వ తేదీన దక్షిణధ్రువమును చేరినది ఫెర్గూసన్ ట్రాక్టరులతోనే. ఫెర్గూసన్ సంస్థ 1953లో కెనడా దేశపు మాసీ హారిస్ కంపెనీతో కలిసెను. పిమ్మట మాసీ ఫెర్గూసన్ అను పేరు వచ్చెను. 1960లో మద్రాసున స్థాపింపబడిన టాఫే కంపెనీ వారి సహకారముతోనే ట్రాక్టరుల తయారీకి పూనుకొనెను. కావున మన పొలములలో తిరుగు ఎఱ్ఱని మాసీ ట్రాక్టరు ఈ బూడిదరంగు ట్రాక్టరు వంశములోనిదే. ఒకదానినిగూర్చి నేర్చినది రెండవదానికిని చాలవఱకు వర్తించును.

ఇక కొనుటనుగూర్చి చెప్పుదము. బ్రిటనులోను, ఐర్లాండులోను టి.ఇ.20లు నేటికిని చాల మిగిలియున్నవి. కొలది ఎకరములు గలవారును, పాత యంత్రములయందు ప్రీతిగలవారును వానిని కొనుచుందురు. విడిభాగములు నేటికిని క్రొత్తగా తయారగుచుండుటచే బాగుచేయుట కష్టము కాదు. కాని కొనుటకు పూర్వము ఈ క్రింది విషయములను వరుసగా చూడవలయును.

మొదటిది, అంకెపలక. దానిమీది అక్షరములను చదివినచో బండి యే నూనెతో నడుచునో తెలియును. టి.ఇ.ఏ. అనిన పెట్రోలు, టి.ఇ.డి. అనిన మొదట పెట్రోలుతో కదలించి, వేడెక్కినపిమ్మట కిరోసిను జాతి నూనెకు మార్చునది, టి.ఇ.ఎఫ్. అనిన డీజిలు. డీజిలుబండి చలిలో త్వరగా కదలదని ప్రసిద్ధి.

రెండవది, ఇంజను. దానిని చల్లగా నున్నప్పుడే కదలింపవలయును. అమ్మువాడు ముందుగా వేడిచేసి యుంచినచో మఱునాడు రండని చెప్పినను మేలే. ఏలయన, వేడియింజను తన రోగములను దాచును. పొగ నీలముగా నున్నచో ఇంజనునూనె కాలుచున్నదని గుర్తు. నల్లగా నున్నచో ఇంధనము మితిమీరినదని గుర్తు. వేడెక్కిన తరువాతను తెల్లని ఆవిరి మానకున్నచో నీరు లోపలికి పోవుచున్నదేమో చూడవలయును. రేడియేటరు నీటిపై నూనె తేలియున్నను సందేహింపవలసినదే. చలిదేశములలో, శీతకాలమున నీరు గడ్డకట్టి ఇంజను దిమ్మెను పగులజేయుటయు కలదు. అట్టి పగుళ్లను రంగు కప్పివేయును.

మూడవది, గేరుపెట్టె, వెనుక ఇరుసు. ఈ ట్రాక్టరున గేరులకును, ఇరుసునకును, ఎత్తు యంత్రమునకును నూనె యొక్కటియే. అది పాలవలె తెల్లబడి యున్నచో నీరు కలిసినదన్నమాట. నడుచునపుడు గేరు తనంతట తాను జారిపోయినచో పండ్లు అరిగినవని గ్రహింపవలయును.

నాల్గవది, ఎత్తు యంత్రము. బరువైన పనిముట్టును పైకెత్తి, క్లచ్చి త్రొక్కిపట్టి చూడవలయును. అప్పుడు పంపు ఆగును. అయినను పనిముట్టు పైననే నిలువవలయును. వెంటనే క్రిందికి జారినచో లోపల నూనె కారుచున్నది. ఫెర్గూసన్ గొప్పతనమంతయు ఈ యంత్రమునందే యున్నది గనుక, దీనిని చూడకుండ కొనుట వ్యర్థము.

తరువాత చుక్కానిచక్రమును అటునిటు త్రిప్పి ఎంత వదులున్నదో చూడవలయును. ముందు చక్రములను పట్టి ఊపి చూడవలయును. వెనుక చక్రములకు వేర్వేరు బ్రేకులు గలవు. రెండును సమానముగా పట్టవలయును. టైరుల ప్రక్కలు పగిలియున్నచో వాని వెలను ధరలో కలుపుకొనవలయును. క్రొత్త రంగు చూచి మురియరాదు. మన దేశములో పాతబండిని కొనువారు మఱియొక పని కూడ చేయవలయును: ఇంజను మీది అంకెను, చట్రము మీది అంకెను రిజిస్ట్రేషను పత్రముతో సరిచూచి, బ్యాంకి బాకీ తీరినట్లు వ్రాతమూలముగా పుచ్చుకొనవలయును. ఈ పత్రములు లేనిచో ఎంత చౌకయైనను ఆ బండి చౌక కాదు.

కొన్న పిమ్మట నేర్చుకొనుట. మొదటి దినము ఇంజను కదలింపకయే పీఠముపై కూర్చుండి ఒక్కొక్క పిడి పేరును, పనిని తెలిసికొనవలయును. కారు నడిపినవానికి ఇచ్చట రెండు వింతలు కనబడును. వేగము పెంచుటకు కాలిక్రింద పెడలు లేదు. చుక్కానిక్రింద చేతిపిడి కలదు. ఇంజను కదలించుటకు వేఱు మీట లేదు. గేరుపిడిని ‘ఎస్’ అను గుర్తు వైపునకు త్రోయవలయును. గేరులో నున్న ట్రాక్టరు హఠాత్తుగా ముందుకు దూకి మనుష్యుని త్రొక్కకుండుటకే ఈ యేర్పాటు. ఇట్టి రక్షణను తప్పించి, నేలమీద నిలిచి తీగలు కలిపి ఇంజను కదలించుట ఆత్మహత్యతో సమానము.

రెండవ దినము చదునైన ఖాళీపొలమున, తక్కువ గేరులో, పనిముట్టు లేకుండ నడుపవలయును. గేరు మార్చదలచినపుడు బండిని పూర్తిగా నిలుపవలయును. వెనుకకు నడుపుటయు బాగుగా అభ్యసింపవలయును. పనిముట్టును తగిలించుట కది యవసరము.

పనిముట్టును తగిలించుటకు ఒక వరుస కలదు: మొదట ఎడమకడ్డీ, పిమ్మట కుడికడ్డీ, చివరకు పైకడ్డీ. విప్పునపుడు దీనికి తలక్రిందులు. దీనికి కారణము లేకపోలేదు. కుడికడ్డీని ఎత్తుకొను తులకు త్రిప్పుడుపిడి కలదు. ఎడమవైపు బిగించిన తరువాత ఆ పిడిని త్రిప్పి కుడివైపును సరిగా అమర్చుకొనవచ్చును. దున్నునపుడును ఈ పిడియే పనికివచ్చును. కుడిచక్రములు చాలులో నడచునపుడు ట్రాక్టరు ప్రక్కకు ఒరగును. నాగలి మాత్రము సమముగా నుండవలయును గనుక పిడితో సరిచేయుదురు. మొదటి చాలు తిన్నగా వచ్చుటకు పొలము చివర రెండు కఱ్ఱలను ఒకదానివెనుక నొకటి నాటి, వానిని ఒక్కటిగా చూచుచు నడుపవలయును. మొదటి చాలు వంకరయైనచో తక్కినవన్నియు వంకరయగును.

టి.ఇ.20నందు మఱియొక మర్మము కలదు. వెనుకనున్న తిరుగుడు ఇరుసునకు గడ్డికోయు యంత్రమును తగిలించినపుడు, క్లచ్చి త్రొక్కినను బండి వెంటనే ఆగకపోవచ్చును. తిరుగుచున్న బరువైన కత్తుల వేగమే ఇరుసుద్వారా చక్రములను ముందుకు నెట్టును. దీనికి విరుగుడుగా ఒక్కవైపుననే బలము ప్రసరింపజేయు చిన్న తొడుగు దొరకును. దానిని తగిలింపక కంచెదగ్గఱను, కాలువగట్టుదగ్గఱను పని చేయరాదు.

ఇప్పుడు ప్రాణముల మాట. మూడుకడ్డీల పద్ధతి ట్రాక్టరును తిరుగబడకుండ కాపాడునని చెప్పితిమి. కాని బురదలో దిగబడిన బండినో, చెట్టుమొద్దునో లాగుటకై గొలుసును వెనుక ఇరుసునకుగాని, పైకడ్డీ తగిలించు చోటునకుగాని కట్టినచో ఆ రక్షణ పోవును. ఫెర్గూసనునకు పూర్వమున్న అపాయమే మరల వచ్చును. బండి తిరుగబడుట రెప్పపాటులో జరుగును. దిగి పారిపోవుటకు వ్యవధి యుండదు. కావున గొలుసును ఇరుసుకంటె క్రిందనున్న లాగుడుకమ్మికే కట్టవలయును. దిగబడినపుడు ముందుకు బలవంతముగా నడుపక వెనుకకు నడిపి బయటపడజూడవలయును. పాత ట్రాక్టరులకు తిరుగబడినపుడు కాపాడు ఇనుపచట్రము లేదు. తగినది దొరకినచో దానిని బిగించుకొని, నడుముపట్టీ కట్టుకొని నడుపుట మేలు. తిరుగుడు ఇరుసు నిమిషమునకు ఐదువందల సారులకు పైగా తిరుగును. లుంగీకొన, పైట, కండువ అందు చిక్కినచో మనిషి తప్పించుకొనజాలడు. దానిపై కప్పు లేకుండ పని చేయనేరాదు.

తల్లిదండ్రులతో ఒక మాట. ట్రాక్టరునకు పీఠ మొక్కటియే. మడ్గార్డు పీఠము కాదు. అయినను పిల్లలను దానిపై కూర్చుండబెట్టుకొనుట, కూలీలను ట్రక్కులో క్రిక్కిఱియ నెక్కించి కాలువగట్లపై నడుపుట మన ప్రాంతమున నిత్యము చూచుచున్నాము. బ్రిటనులో వ్యవసాయపు పనులయందు పదుమూడేండ్లలోపు పిల్లలు ట్రాక్టరు నెక్కుటయే చట్టవిరుద్ధము. మన దేశమున పదునెనిమిదేండ్లు నిండనివాడు బాటపై ట్రాక్టరు నడుపరాదు. పదవతరగతి బాలుడు ట్రాక్టరు నడుపుచున్నాడని సంతోషించు తండ్రులు ఈ చట్టముల వెనుకనున్న మృతులను తలచుకొనవలయును.

విద్యార్థులారా, మీరు ట్రాక్టరు నెక్కు వయస్సు వచ్చువఱకు ఊరకుండ నక్కఱలేదు. ఇంటనున్న యంత్రము ఆగియున్నపుడు పెద్దలను దగ్గఱనుంచుకొని దాని మూడుకడ్డీలను చూడుడు. స్ప్రింగు ఎక్కడనున్నదో, నూనె ఎచ్చట పోయుదురో, గొలుసు ఎచ్చట కట్టవలయునో అడిగి తెలిసికొనుడు. భౌతికశాస్త్రపు పాఠమున మీరు చదివిన తులాదండము, ఒత్తిడి, గురుత్వకేంద్రము అన్నియు అందే కలవు. కారణము తెలిసినవానికి నియమము భారముగా తోచదు. వాడు ఒకరు చెప్పకుండగనే దానిని పాటించును.