ఆడగుర్రం తోక ఎందుకు రుద్దుకుంటుంది?

పెళ్ళిళ్ళ రోజులు వచ్చాయంటే వరంగల్లు, హనుమకొండ వీధుల్లో అలంకరించిన గుర్రాలు కనబడతాయి. నుదుట కుచ్చు, మెడలో పూసలపేరు, వీపున జరీగుడ్డ. ఊరేగింపులో వాటిని అందరూ చూస్తారు. ఊరేగింపు అయిపోయాక, చెట్టుకింద కట్టేసి ఉన్నప్పుడు మీరెప్పుడైనా చూశారా? ఒక్కొక్క ఆడగుర్రం వెనక్కి వెనక్కి జరిగి, గోడకో చెట్టు మానుకో తోక మొదలు ఆనించి అదేపనిగా రుద్దుకుంటుంది. అక్కడి వెంట్రుకలు తెగి, పాత చీపురులా నిక్కబొడుచుకొని ఉంటాయి. వెనకభాగం మీద ఎవరైనా చెయ్యి వేయబోతే చెవులు వెనక్కి వాల్చి కాలు ఎత్తుతుంది. “దీనికి పొగరెక్కింది” అంటారు చూసినవాళ్ళు. ఒక్కోసారి దానికి దెబ్బ కూడా పడుతుంది.

అది పొగరు కాదు, దురద. విచిత్రం ఏమిటంటే, ఆ దురద చాలాసార్లు తోకలో పుట్టదు. ఎవరి కంటా పడని చోట, వెనక కాళ్ళ నడుమ, పొదుగు దగ్గర పుడుతుంది. గుర్రం మెడ ఎంత పొడవైనా నోరు అక్కడికి అందదు. గిట్టతో గోక్కోవడం అంతకంటే కష్టం. అందుకని రుద్దుకోవడానికి వీలైన చోటును, అంటే తోక మొదలును, గోడకేసి రుద్దుకుంటుంది. పాపం, ఎంత రుద్దినా దురద తీరదు!

గుర్రానికి రోజూ మాలీసు చేసేవాళ్ళు కూడా తరచుగా ఈ చోటును వదిలేస్తారు. ఎందుకు వదలకూడదో, ఎలా శుభ్రం చేయాలో, ఎక్కడ చెయ్యి ఆపాలో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

కొనడం వేరు, సాకడం వేరు

గుర్రం మన ఓరుగల్లుకు కొత్త జంతువు కాదు. పాత తెలుగులో ఆడగుర్రానికి ‘గోడిగ’ అని ప్రత్యేకంగా ఒక పేరే ఉంది. కాకతీయుల సైన్యంలో ఆశ్వికదళం ఉండేది. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో విదేశీ వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు. ఆ శతాబ్దంలో అరేబియా, పారశీక దేశాల గుర్రాలు ఓడలెక్కి దక్షిణ భారతదేశపు రేవులకు వచ్చేవి.

ఆ శతాబ్దం చివర మన దేశానికి వచ్చిన వెనిస్ యాత్రికుడు మార్కో పోలో మోటుపల్లి రాజ్యాన్ని ఏలిన రాణిని మెచ్చుకున్నాడు. ఆమె రుద్రమదేవే అని చరిత్రకారులు భావిస్తారు. అతడే ఇంకా దక్షిణాన ఉన్న పాండ్యుల తీరం గురించి మరో సంగతి రాశాడు. అక్కడి రాజులు ఏటా వేలకొద్దీ గుర్రాలు కొంటారనీ, వాటిని సాకే పద్ధతి తెలిసినవాళ్ళు లేక చాలా గుర్రాలు చచ్చిపోతాయనీ దాని సారాంశం. చూశారా! ఎంతో డబ్బు పోసి గుర్రాన్ని కొనవచ్చు. దాన్ని బతికించుకోవడానికి మాత్రం డబ్బొక్కటే చాలదు, తెలివిడి కూడా కావాలి.

రెండు చన్నులు, నాలుగు దారులు

మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉన్న గేదె పొదుగును జ్ఞాపకం చేసుకోండి. పెద్దదిగా వేలాడుతూ ఉంటుంది. దానికి నాలుగు చన్నులు. ఒక్కొక్క చన్నుకు కొసన ఒకే రంధ్రం.

గుర్రం పొదుగు చిన్నది. వెనక కాళ్ళ నడుమ బాగా పైకి దాగి ఉంటుంది. పిల్ల లేనప్పుడు అక్కడ పొదుగు ఉన్నట్టే తెలియదు. దానికి చన్నులు రెండే. అయితే ఒక్కొక్క చన్ను కొసన సాధారణంగా రెండు రంధ్రాలుంటాయి. ఒక్కో రంధ్రానికి లోపల వేరే పాలగది ఉంటుంది. అంటే చన్నులు రెండైనా పాలదారులు నాలుగన్నమాట.

ఈ రెండు చన్నుల మధ్య ఒక లోతైన మడత ఉంది. మన కథ అంతా ఆ మడతలోనే.

నల్లమైనం ఎక్కడి నుంచి వచ్చింది?

క్షీరదాల చర్మంలో రెండు రకాల గ్రంథులుంటాయని మీరు చదువుకున్నారు. చెమటను స్రవించేవి స్వేదగ్రంథులు. నూనెవంటి పదార్థాన్ని స్రవించేవి చర్మవసా గ్రంథులు. ఆ నూనె చర్మాన్ని మెత్తగా ఉంచుతుంది, నీటిలో నాననివ్వదు. గుర్రం పొదుగు మడతలో ఈ వసాగ్రంథులు చురుగ్గా పనిచేస్తాయి.

ఇక చెమట సంగతి. ఒళ్ళంతా ధారగా చెమటపట్టే జంతువులు ఎక్కువ లేవు. మనిషి ఒకడు, గుర్రం ఒకటి. గేదెకు స్వేదగ్రంథులు తక్కువ, అందుకే అది చెరువులో పడుకుంటుంది. పరుగెత్తిన గుర్రం తొడల నడుమ తెల్లని నురగ కనిపిస్తుంది. గుర్రం చెమటలో లాథరిన్ అనే ప్రోటీను ఉంటుంది. అది సబ్బులాగా నీటి తలతన్యతను తగ్గించి, జిడ్డుగా ఉండే వెంట్రుకల మీద చెమట పలచగా పరుచుకునేట్లు చేస్తుంది. తొడల రాపిడికి అదే నురగ కడుతుంది.

ఇప్పుడు లెక్క కట్టండి. వసాగ్రంథుల నూనె, చెమట, రాలిపోయే చర్మకణాలు, మన వీధుల దుమ్ము – ఈ నాలుగూ గాలి ఆడని మడతలో చేరితే ఏమవుతుంది? బంకగా, నల్లగా మైనంవంటి పదార్థం తయారవుతుంది. ఇది రోగం కాదు. ఏ ఆడగుర్రానికైనా కొద్దోగొప్పో ఉంటుంది. కాని ఎక్కువ రోజులు వదిలేస్తే ఎండి పెచ్చు కడుతుంది. అడుగున చర్మం ఒరుసుకుంటుంది. అక్కడ సూక్ష్మజీవులు పెరుగుతాయి, ఈగలు మూగుతాయి. దురద మొదలవుతుంది.

ఎలా శుభ్రం చేస్తారు?

ముందుగా ఒక హెచ్చరిక. ఇది గుర్రానికి బాగా అలవాటైన పెద్దవాళ్ళు చేయవలసిన పని. మీరు దూరం నుంచి చూసి నేర్చుకోండి.

గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. దాదాపు చుట్టూరా చూడగలదు. సరిగ్గా తన వెనకనున్నది మాత్రం దానికి కనబడదు. అందుకే వెనక నుంచి వెళ్ళి ఎన్నడూ ముట్టుకోకూడదు. ఒకరు తల దగ్గర కళ్ళెం పట్టుకొని నిలబడాలి. శుభ్రం చేసే మనిషి భుజం పక్కన నిలబడి, మాట్లాడుతూ, చేతిని భుజం మీద నుంచి వీపుకు, వీపు నుంచి పొట్టకు, పొట్ట నుంచి పొదుగుకు మెల్లగా జరుపుతూ వెళ్ళాలి. రెండో చెయ్యి గుర్రం నడుము మీదే ఉండాలి. అది కాలు ఎత్తబోతే ముందుగా ఆ చేతికే తెలుస్తుంది. మొదటిరోజు ముట్టుకోనిస్తే చాలు. రెండు మూడు రోజులు అలవాటుచేసి తరవాత కడగవచ్చు.

గోరువెచ్చని నీళ్ళు, మెత్తని నూలుగుడ్డ కావాలి. గోళ్ళు పొట్టిగా ఉండాలి. తడిగుడ్డను మడతలో కాసేపు అద్ది ఉంచితే పెచ్చు నానుతుంది. నానినదాన్ని వేలి కొసతో తేలిగ్గా తీయాలి. మరీ గట్టిపడితే కాస్త కొబ్బరినూనె రాసి, మెత్తబడ్డాక తుడవాలి. గీకకూడదు. బ్రష్షు అక్కడ పనికిరాదు. చివర మంచినీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో అద్దాలి.

సబ్బు రోజూ వాడవచ్చా? కూడదు. మురికితోపాటు చర్మాన్ని కాపాడే నూనెనంతా సబ్బు ఊడ్చేస్తుంది. అప్పుడు చర్మం ఎండి పగిలి మళ్ళీ దురదే. రోజూ మాలీసు చేసేటప్పుడు ఒకసారి చూసి తడిగుడ్డతో తుడవడం, మైనం పేరుకున్నప్పుడు మాత్రమే కొద్దిగా మృదువైన సబ్బు వాడటం – ఇదీ పద్ధతి.

మీరే చేసి చూడండి

కొబ్బరినూనెలో బొగ్గుపొడి కలిపి నల్లని ముద్ద చేయండి. మూడు తెల్లగుడ్డ ముక్కలకు పూయండి. ఒకదాన్ని చన్నీళ్ళలో, రెండోదాన్ని గోరువెచ్చని నీళ్ళలో, మూడోదాన్ని గోరువెచ్చని సబ్బునీళ్ళలో జాడించండి. చన్నీళ్ళలో ముద్ద కదలదు. వెచ్చదనానికి మెత్తబడుతుంది. సబ్బునీళ్ళలో వదులుతుంది. సబ్బు అణువుకు ఒక కొస నీటిని, మరొక కొస నూనెను పట్టుకుంటుంది గదా! ఇప్పుడు ఆ మూడో గుడ్డను మంచినీళ్ళలో జాడించకుండా పిండి ఆరబెట్టండి. ఆరాక తడిచేత్తో తాకండి. జారుతుంది. పొదుగు మీద సబ్బు మిగిలిపోతే అలాగే ఉంటుంది. అందుకే చివర మంచినీళ్ళతో కడగడం మరిచిపోకూడదు.

ముట్టుకోకూడని మైనం

గుర్రం సుమారు 11 నెలలు పిల్లను మోస్తుంది. ఈనడానికి కొద్ది వారాల ముందు పొదుగు నిండటం మొదలుపెడుతుంది. ఈనడానికి ఒకటి రెండు రోజుల ముందు, చాలా గుర్రాల చన్నుల కొసన తేనెరంగు చుక్కలు గడ్డకట్టి కనబడతాయి. చూడటానికి అదీ మైనంలాగే ఉంటుంది.

శుభ్రత పేరు చెప్పి దాన్ని గిల్లి తీయకూడదు సుమా! అది మురికి కాదు, ఎండిన ముర్రుపాల చుక్క. దాన్ని కదిపితే విలువైన ముర్రుపాలు ముందే కారిపోవచ్చు. మడతలోని నల్లమైనం తీయవలసింది, చన్ను కొసనున్న పసుపుమైనం వదలవలసింది. ఈ తేడా తెలియడమే శాస్త్రీయ దృష్టి.

పిల్ల ప్రాణం ఎక్కడుంది?

మనిషి బిడ్డ కడుపులో ఉండగానే తల్లి రక్తంలోని ప్రతిరక్షకాలను మావి ద్వారా కొన్ని అందుకుంటుంది. గుర్రం మావి నిర్మాణం వేరు. ప్రతిరక్షకాలు అందులోనుంచి దాటవు. గుర్రప్పిల్ల దాదాపు ఏ రక్షణా లేకుండా నేలమీద పడుతుంది. దానికి రక్షణ అంతా ముర్రుపాలలోనే ఉంది. ఆ పాలలోని ప్రతిరక్షకాలను పేగు యథాతథంగా రక్తంలోకి పంపుతుంది. అయితే ఆ ద్వారం ఎల్లకాలం తెరిచి ఉండదు. మొదటి కొన్ని గంటల్లోనే బాగా తెరిచి ఉండి, ఒక రోజు గడిచేసరికి మూసుకుపోతుంది.

గుర్రప్పిల్ల గంటలోపే లేచి నిలబడే ప్రయత్నం చేస్తుంది. తల్లి పొట్టకింద, తొడల నడుమ మూతితో వెతుకుతుంది. చన్ను దొరికేలోగా కనబడిందల్లా నాకుతుంది. అక్కడ నెలల తరబడి పేరుకున్న మురికి ఉంటే మొదటి ముద్ద ఆ మురికే. ప్రతిరక్షకాల కోసం తెరిచిన ద్వారం గుండా రోగక్రిములు కూడా లోపలికి పోగలవు. అవి రక్తంలో పెరిగితే పిల్ల కొద్ది రోజుల్లోనే ప్రాణం విడవవచ్చు. అందుకే పిల్ల మొదటిసారి నోరు పెట్టేముందు తల్లి పొదుగును, తొడలను గోరువెచ్చని నీళ్ళతో కడిగి తుడవమని పశువైద్యులు చెబుతారు.

రోజూ తుడిచే చేతికి మరో లాభం ఉంది. పొదుగు మామూలుగా ఎలా ఉంటుందో ఆ చేతికి తెలుస్తుంది. ఒక పక్క వేడిగా, గట్టిగా ఉండి, తాకితే గుర్రం నొప్పితో కదిలితే అది పొదుగువాపు కావచ్చు. గేదెలతో పోలిస్తే గుర్రాలకు ఇది తక్కువ. వస్తే మాత్రం వెంటనే వైద్యుడికి చూపించాలి. పొదుగు శుభ్రంగా ఉన్నా తోక రుద్దుకోవడం ఆగకపోతే పేగుల్లోని సూదిపురుగులు కారణం కావచ్చు. అవి మలద్వారం చుట్టూ గుడ్లు పెడతాయి. అక్కడ జిగురుటేపు అంటించి తీసి, సూక్ష్మదర్శినితో చూస్తే గుడ్లు కనబడతాయి. పేలు, చిన్న దోమలవంటి కీటకాల కాటు కూడా కారణాలే. కారణాన్ని తేల్చవలసింది పశువైద్యుడే. మన మామునూరులోనే పశువైద్య కళాశాల ఉంది.

ఇక మీ ఇంటి గేదె

“మా ఇంట్లో గుర్రం లేదు కదా” అంటారేమో. గేదె ఉంది కదా! పాలు పితికిన తరవాత చన్ను రంధ్రం వెంటనే మూసుకోదు. అరగంటో గంటో పడుతుంది. ఆ సమయంలో గేదె పేడలో పడుకుంటే క్రిములు నేరుగా లోపలికి వెళ్ళి పొదుగువాపు తెస్తాయి. కాబట్టి పితకగానే దాని ముందు కాస్త మేత వేయండి. తింటూ నిలబడే ఉంటుంది. పితికేముందు చన్నులు కడిగి పొడిగుడ్డతో తుడవండి. ఒక గేదెకు వాడిన గుడ్డ మరొకదానికి వాడకండి. పాలలో వేళ్ళు ముంచుకొని పితికే అలవాటు మాన్పించండి.

ఈసారి వీధిలో ఏ ఆడగుర్రమైనా గోడకు తోక రుద్దుకుంటూ కనబడితే దగ్గరికి వెళ్ళకండి, రాయి విసరకండి, విసిరేవాళ్ళనూ ఆపండి. దాన్ని సాకే మనిషితో మర్యాదగా ఒక్కమాట చెప్పండి: “అన్నా, దాని పొదుగు సందున మైనం పట్టిందేమో, ఒకసారి వెచ్చని నీళ్ళతో తుడిచి చూడరాదూ?” నోరులేని జంతువు తోకతో చెబుతున్న మాటను ఆయనకు అందించినవాళ్ళవుతారు.