మన సీమ చింతచెట్టు

ఉత్తర అమెరికా ఖండమున కెనడా మొదలగు చలిప్రదేశములలో చక్కెర మేపుల్ అను వృక్షము గలదు. చలికాలము ముగియు దినములలో దాని మ్రానునకు చిన్న రంధ్రము చేసి, కారెడు రసమును పట్టి, కాచి తీయని పాకము చేయుదురు. సుమారు 40 లీటర్ల రసమును కాచినగాని ఒక లీటరు పాకము రాదు. రసము తీయదగినంతగా ఆ చెట్టు పెరుగుటకు 30, 40 ఏండ్లు పట్టును. కనుక అచట తండ్రి నాటిన చెట్టు బిడ్డలకు ఫలమిచ్చును. ఆ వృక్షమును తెచ్చి హిందూపురమున నాటినచో వృద్ధిపొందదు. దానికి మంచు కురియు చలికాలము కావలెను. ఏ నేలకు తగిన చెట్టు ఆ నేలకు గలదు. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములకు అట్టి చెట్టు చింత.

ఈ మూడు పట్టణములును 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. పూర్వము అనంతపురము జిల్లాలో చేరియుండిన ఈ సీమలో ఏడాదికి కురియు వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా నుండును. ఎఱ్ఱనేలలు, రాతిగుట్టలు మెండు. చింత తన తల్లివేరును లోతునకు దింపి అడుగు తడిని పీల్చుకొనును. అందుచే వేరుశనగ పైరు ఎండిన ఏటను చేనిగట్టున చింత పచ్చగా నిలుచును. మండువేసవిలోను దాని నీడ చల్లగా నుండును.

చింత జన్మస్థానము ఆఫ్రికా. అది అతిప్రాచీన కాలముననే మన దేశమునకు వచ్చి ఇచటి చెట్టే యైనది. అరబ్బులు దాని పండును ‘హిందూదేశపు ఖర్జూరము’ అనిరి. ఆ పేరునుండియే ‘టామరిండ్’ అను ఆంగ్లపదము పుట్టినది.

చింతచిగురు పప్పునకు రుచి నిచ్చును. గింజల పిండితో నూలునకు గంజి పెట్టుదురు. మాఘ ఫాల్గుణ మాసములలో కాయలు పండును. చెట్టెక్కి కొమ్మలు దులిపి కాయలు రాల్చుదురు. స్త్రీలు పెంకు వలిచి, ఈనెలను గింజలను తీయుదురు. ఆ పండు హిందూపురము మార్కెట్టుకు చేరును. ‘కరిపులి’ అను మేలురకమునకు హెచ్చు ధర పలుకును. పండులోని టార్టారిక్ ఆమ్లము చేత అది నిలువయున్నను పులుపు విడువదు. ‘చింత చచ్చినా పులుపు చావదు’ అను సామెత మీరు వినియే యుందురు.

చింతను పెంచుట కష్టము కాదు. గింజలను ఒక రాత్రి నానబెట్టి మట్టి సంచులలో నాటినచో వారము పది దినములలో మొలచును. మొక్క ఎదిగిన పిదప, తొలకరిలో గుంత త్రవ్వి, పశువుల యెరువు కలిపి నాటవలెను. చెట్టునకు చెట్టునకు 10 మీటర్ల ఎడముండవలెను. గోడల దాపున నాటరాదు. మేకలు మేయకుండ ముండ్లకంప కట్టవలెను. మొదటి రెండు మూడు వేసవులు తప్పక నీరు పోయవలెను. గింజనుండి పెరిగిన చెట్టు 8, 10 ఏండ్లకు కాపునకు వచ్చును. అంటుమొక్క 4, 5 ఏండ్లకే కాచును.

బాటలను వెడల్పు చేయునపుడు ప్రక్కనున్న ముదుసలి చింతలను కొట్టివేయుదురు. నూరేండ్ల చెట్టు ఒక్క దినమున కూలును. దానికి మారుగా నాటిన మొక్క అంతటి నీడ నిచ్చుటకు రెండు తరములు గడువవలెను. ఆలస్యముగా ఫలించునని ఎవ్వరును నాటకున్నచో ఈ బయళ్ళు నీడలేనివై పోవును.

నేడు ఎనిమిదవ తరగతి చదువు బాలుడు గాని బాలిక గాని గింజ నాటినచో, తమ ఇరువది మూడవ యేటికి తొలికాపు చూడగలరు. నిండునీడ వారి బిడ్డలకు దక్కును. గుంత త్రవ్వి నాటుట ఒక గంట పని. మూడు వేసవులు మరువక నీరు పోయుటయే అసలైన పని.