నాలుగు మళ్ల కోత, ఊరంతటి పంట



అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు కుండలోని మెతుకులన్నింటిని ఎవరును పట్టి చూడరు. ఒక్క మెతుకును వ్రేళ్ల నడుమ నలిపి చూచినచో చాలును. దీనికి మన శాస్త్రకారులు స్థాలీపులాకన్యాయమని పేరు పెట్టిరి. మచ్చును చూచి మొత్తమును నిర్ణయించు ప్రతివాడును, తెలిసియో తెలియకయో, ఈ న్యాయమునే ఆశ్రయించుచున్నాడు. అయితే దీనికి ఒక నియమము కలదు; దానిని తరచుగా మరచుచుందురు. కుండ ఒక్కటి, నిప్పు ఒక్కటి, ఎసరు ఒక్కటి. గరిటె పెట్టి కలియబెట్టినది గనుకనే ఒక మెతుకు తక్కిన మెతుకులకు సాక్షి కాగలిగినది. ఊరి పంటపొలము అట్లు కలియబెట్టిన కుండ కాదు. మరి నాలుగైదు మళ్లు కోసి, ఊరంతటి దిగుబడి ఇంత యని చెప్పుట ఎట్లు చెల్లును? చెల్లినచో ఎంతవరకు చెల్లును? నేటి నా ప్రసంగము ఈ ప్రశ్నను గూర్చియే.

ఇది కేవలము పండితుల ప్రశ్న కాదు. నెల్లూరు తీరమున ఇందుకూరుపేట, మైపాడు, విడవలూరు ప్రాంతములవారికి ఇది కూటికి సంబంధించిన ప్రశ్న. పెన్న నీరు కాలువ మొదట నున్న చేలకు ముందుగా అందును. కాలువ చివర, సముద్రమునకు చేరువగా నున్న చేలకు ఆలస్యముగా అందును, ఒక్కొకప్పుడు అందనే అందదు. కొన్నిచోట్ల ఇసుక, కొన్నిచోట్ల చవుడు. ఒకే ఊరిలో, ఒకే విత్తనము వేసిన రెండు చేలు ఒకే తీరున పండవు. కాని దిగుబడినిబట్టి ఇచ్చు పంటల బీమా లెక్కలో ఊరినంతటిని ఒక్కటిగా గ్రహించినప్పుడు, ఊరికంతటికిని ఒకే సంఖ్య. ఆ సంఖ్య హామీ దిగుబడికి దిగువనున్నచో అందరికిని పరిహారము. ఎగువనున్నచో ఎవరికిని లేదు.

పూర్వకాలమున ఈ సంఖ్యను కంటితో చూచియే వ్రాసెడివారు. నిండుపంటను రూపాయిగా భావించి, ఈ యేడు పదణాల పంట, పండ్రెండణాల పంట అని లెక్క చెప్పెడివారు. అణావారీ యని దీనికి పేరు. కంటిచూపులో పైరుతోపాటు చూచువాని స్వభావముకూడ కలియును. శిస్తు తలచుకొనువానికి పైరు ఒత్తుగా కనబడును, జాలిగలవానికి పలుచగా కనబడును. 1923 మొదలు 1925 వరకు బీహారు, ఒరిస్సా ప్రాంతములలో హబ్బాక్ అను అధికారి, చేలలో ఎవరి ఇష్టముతోను నిమిత్తము లేకుండ ఎన్నుకొన్న చిన్న తునకలను కోయించి, ధాన్యమును తూచి, దానినుండి దిగుబడిని కట్టు పద్ధతిని ఆచరించి చూపెను. పిమ్మట వంగదేశమున మహాలనోబిస్ పండితుడును, వ్యవసాయ పరిశోధన మండలి పక్షమున సుఖాత్మే, పాన్సే గార్లును దీనిని స్థిరపరచిరి. నేటి పంటకోత ప్రయోగములు ఆ పరంపరలోనివే.

ఈ విద్య మనకు క్రొత్త కాదనువారు నలోపాఖ్యానమును చూపుదురు. ఋతుపర్ణ మహారాజు తాండ్రచెట్టును చూచి, దాని ఆకులును కాయలును ఇన్ని యని చెప్పెను. బాహుకుడు లెక్కించి చూడగా సరిపోయెను. కథ మనోహరము. కాని రాజు చెప్పినది ఒక్క సంఖ్య. దానికి అటునిటుగా ఎంత యుండునో ఆయన చెప్పలేదు. అక్షహృదయము తెలిసినవాడు గనుక ఆయనకు చెల్లినది. మనకు ఆ విద్య లేదు గనుక, సంఖ్యతోపాటు దాని అటునిటులనుకూడ చెప్పుట మన విధి.

ఊహకు ఒక ఊరిని తీసికొందము. చీట్లు వేసి తొమ్మిది చేలను ఎన్నుకొని, ఒక్కొక్క దానిలో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల మడిని కోసి, ధాన్యమును తూచితిమనుకొనుడు. తూకములు కిలోలలో 12, 15, 14, 17, 13, 16, 11, 15, 13. మొత్తము 126, సగటు 14. ఎకరమునకు అట్టి మళ్లు సుమారు 162. మన నెల్లూరు పుట్టి 850 కిలోలు గనుక, ఎకరమునకు 2.67 పుట్లు పండినట్లు.

ఇక్కడ ఆగుట సులభము. పలువురు ఆగుచునే యున్నారు. మనము మరి నాలుగడుగులు వేయుదము. ఒక్కొక్క తూకము సగటునుండి ఎంత తొలగినదో చూచి, ఆ తొలగింపులను వర్గములు చేసి కూడినచో 30 వచ్చును. దీనిని తొమ్మిదితో గాక ఎనిమిదితో భాగింపవలెను. ఏలయనగా, తొలగింపులన్నియు హెచ్చుతగ్గులతో కూడినచో శూన్యము కావలెను. ఎనిమిదింటిని ఎరిగినచో తొమ్మిదవది తనంత తానే తేలిపోవును, దానికి స్వాతంత్ర్యము లేదు. భాగింపగా వచ్చిన 3.75 విస్తృతి యనబడును. దాని వర్గమూలము 1.94, ఒక్కొక్క మడి సగటునుండి సామాన్యముగా ఎంత తొలగునో ఇది తెలుపును, దీనిని క్రమవిచలన మందురు. తొమ్మిది మళ్ల సగటు ఒంటిమడివలె ఊగిసలాడదు గదా. కావున తొమ్మిదికి వర్గమూలమైన మూడుతో దీనిని భాగింపగా 0.645 వచ్చును. దానిని 2.306తో గుణింపగా 1.49. ఈ 1.49ని సగటుకు ఒకప్రక్క తీసివేసి, మరియొకప్రక్క చేర్చినచో, 12.51 మొదలు 15.49 వరకు ఒక హద్దు ఏర్పడినది. పుట్లలో చెప్పినచో రమారమి 2.4 మొదలు 2.95 వరకు. దీనినే నూటికి తొంబదియైదు పాళ్ల విశ్వాసాంతరము అందురు.

ఈ 2.306 ఎక్కడిదని మీరు అడుగవచ్చును. మచ్చులు విస్తారముగా నున్నచో 1.96 చాలును. కాని మళ్లు కొలదిగా నున్నప్పుడు, ఊగిసలాట ఎంతయో కూడ ఆ కొలది మళ్లనుండియే ఊహించుచున్నాము; ఊహపై ఊహ గనుక హద్దును మరికొంత వెడల్పు చేయవలెను. ఆ వెడల్పు ఎంతయో 1908లో చూపినవాడు గాసెట్ అను ఆయన. డబ్లిన్ నగరమున గిన్నెస్ వారి బీరు కర్మాగారములో ఉద్యోగి. బార్లీ ధాన్యముతో ఆయనకు నిత్యము పని. ఉద్యోగులు తమ పేర్లతో వ్యాసములు ప్రకటించుటకు యజమానులు సమ్మతింపకుండుటచే, విద్యార్థి యను అర్థము గల స్టూడెంట్ అను మారుపేరు పెట్టుకొనెను. జీవితమంతయు బడిలో గడపిన నాకు ఆ పేరు మిక్కిలి ఇష్టము. ఆయన మార్గమున ఏర్పడిన పట్టికలో ఎనిమిదికి ఎదురుగా నున్న సంఖ్యయే 2.306. దాని స్థానమున 1.96 వాడినచో, తొంబదియైదని చెప్పుకొన్న విశ్వాసము నిజమునకు తొంబదియొకటికి దిగిపోవును.

ఇక ముఖ్యవిషయము. ఈ తొంబదియైదు దేనికి చెందినది? ఊరి నిజమైన సగటు 12.51కిని 15.49కిని నడుమ నుండుటకు నూటికి తొంబదియైదు పాళ్లు అవకాశము కలదని చదువుకొన్నవారుకూడ చెప్పుచుందురు. వినుటకు ఇంపుగనే యుండును గాని, ఈ పద్ధతిలో అది సరియైన అర్థము కాదు. పులికాటు సరస్సులో నీటిక్రింద ఒక గుంజ పాతియున్నదనుకొనుడు. నీరు కలక, గుంజ కనబడదు, కాని కదలదు. పడవలోనివాడు నీటి సుడినిబట్టి జాడ ఊహించి విసరువల విసరును. అతని చేతివాటము ఎట్టిదనగా, నూరుమార్లు విసరినచో సుమారు తొంబదియైదుమార్లు వల ఆ గుంజను కప్పును. ఇప్పుడు అతడు ఒక్కమారు విసరినాడు. వల నీటిలో పడినది. ఆ వలక్రింద గుంజ ఉన్నది, లేదా లేదు, ఈ రెండే. తొంబదియైదు అనునది చేతివాటముయొక్క గుణమే గాని, పడిన వలయొక్క గుణము కాదు. ఊరి సగటు ఆ గుంజ వంటిది; మనము కట్టిన హద్దు వల వంటిది. మరల చీట్లు తీసి మరి తొమ్మిది మళ్లు కోసినచో వల వేరొకచోట పడును. గుంజ ఉన్నచోటనే యుండును.

ఈ భావమును 1934లో లండన్ రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ యెదుట చదివిన వ్యాసములో చెప్పి, 1937లో సవిస్తరముగా సిద్ధాంతీకరించినవాడు పోలెండు దేశపు పండితుడు నైమన్. 1934 నాటి చర్చలోనే బౌలీ అను పెద్దమనిషి, ఈ విశ్వాసము మోసగాండ్రు పుట్టించు విశ్వాసము వంటిది కాదుగదా యని శంకించెను. ఆ శంకను నేను తేలికగా త్రోసివేయను. వల విసరినవానికి గుంజ దొరికినదో లేదో ఎన్నటికిని కనబడదు. తన చేతివాటమును నమ్ముకొనుట తప్ప అతనికి వేరు గతి లేదు.

సగటుతో పని తీరినదా? తీరలేదు. రెండు ఊళ్లకును సగటు 2.67 పుట్లే కావచ్చును. ఒక ఊరిలో అందరికిని రమారమి అంతే పండినది. మరియొక ఊరిలో కాలువ మొదటివానికి నాలుగు పుట్లు, చివరివానికి ఒక పుట్టియు పండినవి. రెండవ ఊరి చివరిరైతు కష్టము సగటులో మునిగిపోవును. అతనిని వెలికి తీయునది విస్తృతి. దానికికూడ హద్దు కట్టవచ్చును, కాని విధానము వేరు. ఇక్కడ కై-వర్గమను పట్టికను చూడవలెను. ఎనిమిదికి ఎదురుగా అందు రెండు సంఖ్యలు గ్రహింతుము: 17.535, 2.180. వర్గముల మొత్తమైన 30ని మొదటిదానితో భాగింపగా 1.71, రెండవదానితో భాగింపగా 13.76. మన లెక్కకు వచ్చిన విస్తృతి 3.75, దాని దిగువహద్దు రెండు పాళ్ల దూరమున నున్నది, ఎగువహద్దు పది పాళ్ల దూరమున నున్నది. సగటువలె ఇటు ఎంతయో అటు అంత యను సమత ఇక్కడ లేదు. వర్గముల మొత్తము శూన్యమునకు దిగువకు పోజాలదు, పైకి మాత్రము ఎంతైనను పోవచ్చును గనుక ఇట్లు ఒకప్రక్కకు సాగినది. వర్గమూలములు తీసినచో, క్రమవిచలనము 1.31 కిలోలైనను కావచ్చును, 3.71 కిలోలైనను కావచ్చును. తొమ్మిది మళ్లు కోసి ఊరిలోని హెచ్చుతగ్గులను గూర్చి మనము తెలిసికొన్నది ఇంతే.

విస్తృతి హద్దునకు మరియొక బలహీనత కలదు. ఈ లెక్కలన్నియు తూకములు గంట ఆకారముగా, నడుమ ఒత్తుగా, అంచుల పలుచగా పరచుకొని యుండునను ఊహపై నిలిచినవి. ఆ ఊహ కొంత తప్పినను సగటు హద్దు ఓర్చుకొనును. విస్తృతి హద్దు ఓర్వదు, మళ్లు ఎన్ని పెంచినను దాని వ్యాధి కుదరదు. 1989 నవంబరులో కావలివద్ద తీరము దాటినట్టి తుపాను వచ్చి, పల్లపు చేలు నీట మునిగి శూన్యఫలములై, మెరక చేలు మిగిలినవనుకొనుడు. అప్పుడు తూకములు ఒక గంటగా గాక రెండు గుంపులుగా చీలును. అట్టి యేట మెరకను, పల్లమును వేరువేరుగా లెక్కించుటయే మార్గము. ఇక చీట్లు వేయక, రోడ్డుప్రక్కన చేతికందిన చేలనే కోసినచో, ఏ పట్టికయు రక్షింపజాలదు.

తెలివిగల క్రొత్త సూత్రము పన్ని ఈ హద్దును ఇష్టమువచ్చినంత ఇరుకు చేయరాదా యనువారికి, మన ప్రాంతపు గూడూరులో బాల్యమున కొంతకాలము చదివిన కల్యంపూడి రాధాకృష్ణరావు గారు 1945లోనే సమాధానము చెప్పిరి. పక్షపాతము లేని ఏ అంచనాకైనను విస్తృతి ఒక మేరకు దిగువకు పోజాలదని ఆయన నిరూపించిరి. 1920లో జన్మించి 2023లో స్వర్గస్థులైన ఆ మహనీయుని పేరు, స్వీడను పండితుడు క్రామర్ పేరుతో జతగూడి, ఆ సిద్ధాంతమునకు నిలిచియున్నది. మేర చేరిన పిమ్మట మిగిలిన ఉపాయము మళ్లను పెంచుటయే. అదియు చౌక కాదు: హద్దును సగము చేయవలెనన్న రెట్టింపు మళ్లు చాలవు, రమారమి నాలుగురెట్లు కావలెను.

2016లో ఆరంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన నిబంధనలలో, ప్రధానపంటకు గ్రామపంచాయతి ఒక్కటికి కనీసము 4 పంటకోతలు ఉండవలెనని వ్రాసిరి. కోయించుటకు మనుష్యులును, దినములును కావలెను గనుక అట్లు పెట్టిరి, నేను తప్పుపట్టను. కాని మన తొమ్మిదింటిలో మొదటి నాలుగు తూకములే, 12, 15, 14, 17, చేత నున్నవనుకొనుడు. సగటు 14.5, ఎకరమునకు 2.76 పుట్లు. హామీ దిగుబడి 2.5 పుట్లైనచో, ఊరికి పరిహారము లేదు. హద్దు కట్టి చూచినచో అది 11.19 కిలోలు మొదలు 17.81 వరకు, అనగా 2.1 పుట్లనుండి 3.4 పుట్లవరకు పరచుకొన్నది. హామీ దిగుబడి ఆ వల నడుమనే యున్నది. విస్తృతి హద్దు 1.39 మొదలు 60 వరకు సాగినది.

కోతనాడు రైతులు గట్టుమీద నిలిచి చూడవచ్చును. నిలిచినవారు సగటును మాత్రమే గాక, నాలుగు తూకములను వేరువేరుగా వ్రాసికొని వచ్చినచో, ఊరి బడిపిల్లవాడు ఈ లెక్కను పలకమీద చేసి చూపగలడు. నాలుగు మళ్లకు వాడు గుణింపవలసిన సంఖ్య 3.182.