హెడ్‌ఫోనునకు వేఱొక ధ్వనివర్ధకము కావలెనా?

తార్నాక కూడలినుండి ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణములోనికి నడచిపోవువారికి రెండు లోకములు కానవచ్చును. ఇవతల మెట్రో స్తంభములు, బస్సుల కూతలు. అవతల చెట్ల నీడలు, వసతిగృహములు. సంగీతము వినగోరువానికి మాత్రము రెండుచోట్లను ఒక్కటే చిక్కు. వసతిగృహమున ఒక గదిలో ఇద్దఱు ముగ్గుఱుందురు; తార్నాక మేడయిండ్లలో గోడ కావల పొరుగువారుందురు. కావున గది నిండ మ్రోగు స్పీకర్లను మాని హెడ్‌ఫోను తగిలించుకొనుట వాడుకయైనది. ఆ పిమ్మట కొందఱకు మఱియొక కోరిక పుట్టును: దానిని నడపుటకు వేఱుగా ఒక ఆంప్లిఫైయరు, అనగా ధ్వనివర్ధకము, కొనవలెనని. దాని వెల కొన్ని వేల రూపాయలనుండి లక్షకు పైగా పోవును. భృతిమీద చదువుకొను పరిశోధక విద్యార్థికిని, పింఛనుమీద కాలము గడపు పెద్దలకును ఇది చిన్న సంగతి కాదు.

రేడియో పుట్టిన తొలిదినములలో స్ఫటికపు సెట్టులకు వర్ధకమే లేదు. ఆకాశపు తీగ పట్టిన స్వల్పశక్తియే వేల ఓముల నిరోధము గల హెడ్‌ఫోనును పలికించెడిది. చెవికి ఆనించిన యంత్రమునకు మిక్కిలి తక్కువ శక్తి చాలునని దీనివలన తెలియుచున్నది. ఎంత తక్కువయో చెప్పునవి రెండు సంఖ్యలు: ఓములలో చెప్పు ఇంపీడెన్సు ఒకటి; ఒక మిల్లీవాటు శక్తికి ఎన్ని డెసిబెల్లుల ధ్వని పుట్టునో తెలుపు సూక్ష్మత రెండవది. అంగడివారు తఱచు మొదటిదానినే చాటుదురు. నా యెఱుకలో రెండవదే ముఖ్యము.

లెక్క వేసి చూతము. మనము సాధారణముగా 75 డెసిబెల్లుల చెంత విందుము. మృదంగపు దెబ్బయో, నాగస్వరపు పై స్థాయియో వచ్చినపుడు క్షణకాలము 20 డెసిబెల్లులు పైకి లేవవచ్చును. 110 డెసిబెల్లులు అందినచో ఎవరికైనను మిగులే. 32 ఓములును, మిల్లీవాటుకు 100 డెసిబెల్లులును గల హెడ్‌ఫోనునకు దానికై 10 మిల్లీవాట్లు, అనగా అర వోల్టు పైచిలుకు చాలును. అది జేబులోని ఫోనే ఇచ్చును. 300 ఓములు, 97 డెసిబెల్లులు గలదానికి 20 మిల్లీవాట్లు, సుమారు రెండున్నర వోల్టులు కావలెను. 1997లో వెలువడిన సెన్‌హైసర్ హెచ్‌డి 600 కూడ 300 ఓములదే. ఒక్క వోల్టు మాత్రమే ఇచ్చు ఫోనునకు తగిలించినను ఇట్టిది 102 డెసిబెల్లుల వఱకు పలుకును. 300 అను అంకె చూచి బెదరి వెంటనే వర్ధకము కొననక్కఱలేదు.

నిజముగా వర్ధకము కోరునవి కొన్ని గలవు. పలుచని పొర యంతటను తీగ పఱచి చేసిన ప్లేనార్ రకములలో కొన్ని మిక్కిలి మొద్దువి. 50 ఓములు, 84 డెసిబెల్లులు గల దానికి అదే 110 అందుటకు 400 మిల్లీవాట్లు, నాలుగున్నర వోల్టులు, 90 మిల్లీ ఆంపియర్ల ప్రవాహము కావలెను. ఇది ఫోను వలన కాదు. చిత్రమేమనగా, ఓములు తక్కువగానున్న ఈ హెడ్‌ఫోనే 300 ఓములదానికంటె నడపుటకు కష్టతరము.

శక్తి చాలినను వర్ధకమువలన మేలు కలుగు సందర్భము మఱియొకటి కలదు. దీనిని కొనువారు తలపరు. వర్ధకమునకు తనదైన నిర్గమ నిరోధము ఉండును. చెవిలో దూర్చుకొను కొన్ని ఇయర్‌ఫోనుల ఇంపీడెన్సు స్వరమునుబట్టి 10 ఓములనుండి 40 ఓముల వఱకు మాఱుచుండును. వాని వెనుక 10 ఓముల నిరోధమున్నచో ఒక స్వరమునకును మఱియొక స్వరమునకును నాలుగు డెసిబెల్లుల తేడా వచ్చి పాట రంగే మాఱును. అదే ఒక ఓము ఐనచో తేడా ఒక డెసిబెల్లునకు లోపే. హెడ్‌ఫోను ఓములలో ఎనిమిదవ వంతునకు మించనిది తీసికొనుమని అనుభవజ్ఞుల వాడుక. పాత స్టీరియో యంత్రములలోని హెడ్‌ఫోను రంధ్రము వెనుక నూఱు ఓములకు పైగా ఉండుట కలదు. వానితో సున్నితపు ఇయర్‌ఫోనులు పొసగవు.

శక్తి ఎక్కువైనను కీడే. సూక్ష్మమైన ఇయర్‌ఫోనును బలమైన వర్ధకమునకు తగిలించినచో పాట లేనివేళ బుసబుస వినవచ్చును. మీట కొంచెము త్రిప్పగానే ధ్వని మిన్నుముట్టును; అట్టి మొదటి మలుపులో సామాన్యపు మీటలు రెండు చెవులకును సమముగా పంచవు. వృద్ధిని తగ్గించు స్విచ్చి గలదానిని ఎన్నుకొని, మీట సగము త్రిప్పినచోట మీకు తగిన ధ్వని వచ్చునట్లు చూచుకొనుడు.

ఆవరణము చెంతనే గల ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయము 1958లో మొదలైనది. భాషాబోధనలో హెడ్‌ఫోను పాత పనిముట్టు. ఉచ్చారణము నేర్చువానికి హల్లుల స్పష్టత కావలెను గాని వాట్లు కావు. మాట వినుటకును, ద్వారం వేంకటస్వామినాయుడుగారి వాయులీనపు పాత గ్రామఫోను పలకలు వినుటకును వేఱు వర్ధకము అనవసరము. పలకలోని గీతల చప్పుడును ఏ వర్ధకమును మాన్పలేదు. గదిలో పంకా తిరుగుచుండగా ప్రకటనలలోని లక్షవ వంతు దోషములను గూర్చి చింతించుట నవ్వులాటయే.

కోఠిలోని గుజరాతీ గల్లీలోనో, మఱెక్కడనో రెండింటిని పోల్చి వినునపుడు ధ్వనిని ముందు సరిసమానము చేయుడు. ఒక డెసిబెల్లు ఎక్కువగా మ్రోగునదే మేలైనదిగా తోచును. అమ్మువారికి ఈ రహస్యము తెలియును.

వర్ధకము చేతికి వచ్చిన పిదప చెవిని గూర్చిన భయము హెచ్చవలెను. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ కార్మికులకు పెట్టిన హద్దు 85 డెసిబెల్లుల వద్ద దినమునకు 8 గంటలు. ప్రతి 3 డెసిబెల్లులకు కాలము సగమగును. 100 వద్ద పావుగంటయే. పోయిన వినికిడి తిరిగి రాదు. తార్నాక రొదను మించవలెనని మీట త్రిప్పుటకంటె, చెవులను మూసియుంచు రకపు హెడ్‌ఫోను కొనుట చౌక, క్షేమము. వెనుక తెఱచియుండు రకములు రాత్రివేళ నిశ్శబ్దపు గదికి తగినవి. ఐనను వాని పాట ప్రక్కమంచమువానికిని వినబడును.

ఇంటికి తెచ్చినదానిని మొదట పాట లేకుండ వినుడు. గుమ్మను మ్రోత వచ్చినచో కంప్యూటరును, వర్ధకమును ఒకే పలకకు తగిలించి చూడుడు. తఱచు అంతటితో పోవును. చౌక ఇన్వర్టరుమీద నడచునపుడు జుమ్మను ధ్వని వచ్చుటయు కలదు. కరెంటు పోయి వచ్చునపుడు ఠప్పుమను దెబ్బ హెడ్‌ఫోనును చేరకుండ కొన్ని వర్ధకములలో క్షణకాలము ఆపియుంచు రిలే ఉండును. అది లేనిదానికి, హెడ్‌ఫోను తీగను ఊడదీసిన పిదపనే స్విచ్చి వేయుట, ఆర్పుట అలవాటు చేసికొనవలెను.